అరవై దాటాక కోలాటం: కాలనీలో ఒక బృందాన్ని మొదలుపెట్టి నిలబెట్టడం ఎలా

మా కాలనీలో కోలాటం రెండుసార్లు మొదలైంది. మొదటిసారి పదకొండు రోజులకే ఆగిపోయింది. పెద్ద స్పీకరులో జోరైన పాట పెట్టి, ఇరవై మందిని ఒక్కసారిగా గుండ్రంగా నిలబెట్టి, చేతులకు కర్రలిచ్చి "ఆడండి" అన్నాం. అప్పుడే తుడిచిన టైల్స్ ఇంకా ఆరలేదు. ఒకామె జారిపడి మణికట్టు విరిగింది. తప్పు నాదే, ఆ రోజు నేర్పుతున్నది నేనే. ఏడాది తర్వాత మళ్ళీ మొదలుపెట్టాం. ఇది నాలుగో ఏడు. ఈ రెండు ప్రయత్నాల మధ్య నేను నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

అందులో ముఖ్యమైనది ఒకటే. పెద్దవాళ్ళ కోసం ఆటను తేలిక చేయాలని అందరూ అనుకుంటారు. మోకాళ్ళకు తేలిక చేయాల్సిందే, బుర్రకు మాత్రం తేలిక చేయకూడదు. గెంతులు తీసేయండి, కోపుల్లో, అంటే అడుగులూ కర్రదెబ్బల వరసల్లో, కూర్చుని లేచేవి తీసేయండి, పాట వేగం తగ్గించండి. కోపుల లెక్కను, జంటలు మారడాన్ని, ఎదురు నడకను మాత్రం ముట్టుకోకండి. అవి తీసేస్తే మిగిలేది పార్కు నడకే. దానికి కర్రలెందుకు?

నడక ఉండగా కోలాటం దేనికి

నడక మంచిదే. కానీ 65 దాటినవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది నడకతో పూర్తి కాదు. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, కనీసం 3 రోజులు నిలకడనూ కండబలాన్నీ పెంచే కసరత్తు ఉండాలంటుంది. పక్కకు అడుగు వేయడం, వెనక్కి వేయడం, ఆగి దిశ మార్చుకోవడం, ఒక కాలిమీద బరువు మోపి రెండోది లేపడం పార్కులో ఎవరూ చేయరు. కోలాటంలో అవన్నీ నిమిషానికి పదిసార్లు చేస్తాం, చేస్తున్నామని తెలియకుండానే.

బుర్ర సంగతికి వస్తే, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 75 దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2003లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. అందులో చూసిన శారీరక వ్యాపకాల్లో మతిమరుపు జబ్బు తక్కువగా రావడంతో సంబంధం కనిపించింది నృత్యానికి ఒక్కదానికే. నృత్యమే జబ్బును ఆపిందని దానర్థం కాదు. బుర్ర చురుకుగా ఉన్నవాళ్ళే నృత్యానికి వెళ్ళి ఉండవచ్చు కూడా. అయినా ఎనిమిది లెక్కపెడుతూ, చేతులు ఒక పని, కాళ్ళు ఒక పని చేస్తూ, ఎదుటి మనిషి కర్ర ఎటు వస్తోందో కనిపెట్టుకునే ఆటలో బుర్రకు తీరిక ఉండదని, ఒక్కరోజు ఆడినవారెవరైనా చెబుతారు.

మొదటి మెట్టు: ఎవరు ఎలా ఉన్నారో తెలుసుకోవడం

గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, మోకాలు మార్పించుకున్నవారు, ఈ మధ్య కింద పడినవారు, తరచూ కళ్ళు తిరిగేవారు ముందు తమ వైద్యుణ్ణి అడిగి రావాలి. "కోలాటం ఆడవచ్చా" అని అడిగితే ఆయన కళ్ళముందు పండుగ ఊరేగింపు కదలాడి వద్దంటారు. "చదును నేలమీద గెంతులు లేకుండా అరగంట నడక, పక్క అడుగులు, చేతుల కదలిక" అని విడమరచి చెప్పమనండి.

తర్వాత రెండు చిన్న పరీక్షలు. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతులు గుండెమీద కట్టుకుని కూర్చోవాలి. 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో లెక్కపెట్టండి. 65-69 ఏళ్ళ ఆడవారు 11, మగవారు 12 సార్లకన్నా తక్కువ లేస్తే కాళ్ళలో బలం తగ్గిందనుకోవాలి. 70-74 ఏళ్ళకు ఆ లెక్క 10, 12. రెండోది, కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడం. దానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టే. అలాంటివారిని పంపేయకండి. వాళ్ళు మొదట కుర్చీ కోలాటం ఆడతారు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఈ అంకెలు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. అందరిముందూ చదవకండి. అరవై ఏళ్ళు దాటాక మార్కుల పోటీ ఎవరికీ వద్దు. మాలో రాంకు కోసం పోట్లాడిన పెద్దాయన ఒకరున్నారనుకోండి, అది వేరే కథ.

చోటు, నేల, వేళ

ఎనిమిది జంటలకు 20 అడుగుల చదరం చాలు. నేల జారకూడదు, ఎగుడుదిగుళ్ళు ఉండకూడదు, మురుగునీటి జాలీలు వలయం మధ్యకు రాకూడదు. అపార్ట్‌మెంటు కింద కార్ల చోటు అందరికీ ముందు గుర్తొస్తుంది. అక్కడ నూనె చుక్కలు చూసుకోండి. మేడమీద అయితే ఉదయం మంచుకు నేల తడిగా ఉంటుంది. గుడి మండపంలో రాతినేల బాగుంటుంది గాని చెప్పులు విప్పాలి. పాదాల్లో స్పర్శ తగ్గిన మధుమేహులు వట్టికాళ్ళతో ఆడకూడదు, చిన్న రాయి గుచ్చుకున్నా తెలియదు. వారు గుడిలో అయితే అడుగున రబ్బరు చుక్కలున్న మేజోళ్ళు, మిగతాచోట్ల మడమ పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకోవాలి. హవాయి చెప్పులతో మాత్రం ఎవరినీ వలయంలోకి రానివ్వకండి.

చోటు ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది నేల కాదు, మరుగుదొడ్డి ఎంత దూరమో. రక్తపోటుకు నీరు తీసే మాత్రలు వేసుకునేవారు చాలామంది. ఇక ఆడవారిలో, దగ్గినా గెంతినా చుక్క మూత్రం జారే ఇబ్బంది ఎంత సాధారణమో బయటికి ఎవరూ చెప్పరు. "మోకాళ్ళ నొప్పులు" అని చెప్పి మానేస్తారు. మేము గెంతులన్నీ తీసేసి, మధ్యలో అయిదు నిమిషాల విరామం పెట్టాక మానేసినవారిలో ముగ్గురు తిరిగొచ్చారు. కారణం నేను అడగలేదు, వారూ చెప్పలేదు.

వేసవిలో ఉదయం ఆరు, చలికాలంలో ఎండ పొడిచాక. భోజనం తర్వాత రెండు గంటలు ఆగాలి. ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపుతో రాకూడదు. ఒక బెల్లం ముక్కో గ్లూకోజు పొడో ఎప్పుడూ దగ్గర ఉండాలి.

చీర కుచ్చిళ్ళు కాలికిందికి రాకుండా చీలమండకు రెండంగుళాలు పైకి కట్టాలి, కొంగు నడుముకు దోపాలి. పంజాబీ దుస్తులైతే చున్నీ ఇంట్లో పెట్టి రావాలి. మగవారికి లుంగీ వద్దు, పైజామా మేలు.

కర్రలు

గుళ్ళ దగ్గర పూజాసామాను కొట్లలో, వాయిద్యాల కొట్లలో నునుపు చేసిన కర్రలు జతలుగా దొరుకుతాయి. అడుగు నుంచి అడుగున్నర పొడవు ఉంటాయి. పెద్దవాళ్ళకు పొట్టివి, తేలికవి తీసుకోండి. బరువు కర్ర మొదట భుజానికే తగులుతుంది. కీళ్ళవాతంతో పిడికిలి బిగుసుకోనివారి కోసం పట్టుకునే చోట పాత నూలుగుడ్డ చుట్టి దారం కట్టండి. సైకిలు హ్యాండిలుకు వేసే రబ్బరు తొడుగు ఇంకా బాగుంటుంది. కర్రల మొనలు గుండె ఎత్తున కలవాలి, కళ్ళ ఎత్తుకు రాకూడదు. చప్పుడు కోసం బాదనక్కరలేదు, తాకితే చాలు. ఉంగరాలు తీయించండి, ఆ కారణం మీకు మొదటి వారంలోనే తెలుస్తుంది.

పాట వేగం

ఓ మోస్తరు శ్రమ అంటే నిమిషానికి 100 అడుగులు వేసే నడక. అక్కడికి మెల్లగా చేరాలి. మొదటి నెల నిమిషానికి 70-80 దెబ్బల వేగం చాలు. మీకు నచ్చిన సంకీర్తన వేగంగా ఉంటే యూట్యూబులో ఆట వేగాన్ని 0.75కు తగ్గించుకోవచ్చు, శ్రుతి మారదు. ఎనిమిది దెబ్బల ఆది తాళంలో ఉన్న పాటలతో మొదలుపెట్టండి.

స్పీకరు పెద్దదైతే మంచిదనుకోవడం పొరపాటు. వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి హాలు ప్రతిధ్వనిలో డప్పు చప్పుడు ముద్దగా వినిపిస్తుంది. స్పీకరు చిన్నదిగా, వలయం మధ్యలో ఉండాలి. పక్కనే ఒకరు చేయి పైకెత్తి కంటికి కనబడేలా తాళం వేయాలి. కోపు మార్చడానికి ఆట నేర్పే పంతులు ఈల ఊదడం ఉంది చూశారా, ఆ పాత పద్ధతిని వదలకండి. చెవి మందమైన కొందరికి ఈల వినబడకపోవచ్చు, వారికి పైకెత్తిన ఆ చేయే దిక్కు.

శ్రమ సరిపోతోందా అని తెలుసుకోవడానికి గడియారాలు అక్కరలేదు. ఆడుతూ మాట్లాడగలగాలి, పాడటం మాత్రం కష్టమవ్వాలి. కోలాటమేమో పాడుతూ ఆడేది! అందుకని మేము, జంటలో ఒకరుండే లోపలి వలయం ఒక చరణం, రెండోవారుండే బయటి వలయం ఒక చరణం పాడతాం. ఎదుటివారి చరణాన్నీ హాయిగా పాడగలుగుతున్నారంటే వేగం కాస్త పెంచవచ్చు. మే నెలలో మాత్రం పెంచకండి.

మొదటి నెల, వారం వారీగా

వారానికి మూడు రోజులు, రోజుకు 45 నిమిషాలు. మొదటి పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కడానికి. నిలబడినచోటే నడక, కుర్చీ పట్టుకుని మడమలు లేపడం, వేళ్ళు లేపడం, భుజాలూ మణికట్లూ తిప్పడం. చివరి పది నిమిషాలు మెల్లగా నడుస్తూ చల్లబడటం. ఆట ఆపీ ఆపగానే కూర్చోనివ్వకండి, రక్తపోటు ఒక్కసారి తగ్గి కళ్ళు తిరుగుతాయి. మిగిలిన 25 నిమిషాలే అసలు ఆట.

మొదటి వారం కర్రలు లేవు, పాట లేదు. అందరూ ఒకే వలయంలో నిలబడి లెక్కకు నడవాలి. ఎనిమిది ముందుకు, నాలుగు కేంద్రం వైపు, నాలుగు వెనక్కి. వెనకడుగు వేసేటప్పుడు ముందు వేళ్ళు, తర్వాత మడమ ఆనించాలి. ప్రతి రెండు ఆవృతాలకూ, అంటే లెక్క రెండుసార్లు పూర్తయినప్పుడల్లా, దిశ మార్చండి. ఎప్పుడూ ఒకే వైపు తిరిగితే ఒకే కాలిమీద భారం పడుతుంది. గుడిలో అప్రదక్షిణం ఏమిటని ఎవరైనా అడ్డుచెబితే అక్కడ ప్రదక్షిణంగానే ఆడండి, మిగతాది హాలులో చూసుకోవచ్చు. వెనక్కి తిరగాలంటే ఒక కాలు నాటి గిర్రున తిరగకూడదు, మోకాలు మెలితిరుగుతుంది. నాలుగు చిన్న అడుగులు వేస్తూ తిరగాలి.

రెండో వారం చప్పట్లు. బతుకమ్మ ఆడినవారికి ఇది వెన్నతో పెట్టిన విద్య. వాళ్ళను కొత్తవారి పక్కన నిలబెట్టండి. అయితే బతుకమ్మలో లాగా నడుము వంచి చప్పట్లు కొట్టడం ఎముకలు పెళుసైనవారికి పనికిరాదు, వెన్నుపూస నలిగే ప్రమాదం ఉంది. నిటారుగా నిలబడి గుండె ఎత్తునే కొట్టమనండి.

మూడో వారం కర్రలు వస్తాయి, కాళ్ళు ఆగుతాయి. అందరూ కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చుని చేతి కోపు నేర్చుకోవాలి. మేము వాడేది ఇది. 1, మీ రెండు కర్రలు తాకించండి. 2, మీ కుడి కర్ర ఎదుటివారి కుడి కర్రకు. 3, మళ్ళీ మీ రెండూ. 4, ఎడమ ఎడమకు. 5, మీ రెండూ. 6, రెండు కర్రలూ ఎదుటివారి రెంటికీ. 7, 8 ఖాళీ. ఆ ఖాళీ దెబ్బల్లో ఏమీ చేయకుండా ఆగడమే అన్నిటికన్నా కష్టం. మొదటి రోజు ఎవరివల్లా కాదు, నవ్వులతో పూర్తవుతుంది. కుర్చీలు ప్లాస్టిక్‌వైతే నున్నటి నేలమీద వెనక్కి జరుగుతాయి, జాగ్రత్త.

నాలుగో వారం చేతులూ కాళ్ళూ కలుస్తాయి. లోపలి వలయం బయటికి ముఖం, బయటి వలయం లోపలికి ముఖం. ఆ 7, 8 దెబ్బల్లో అందరూ తమ కుడివైపుకు రెండు చిన్న అడుగులు వేస్తారు. ఎదురుగా కొత్త ముఖం వస్తుంది. 8 జంటలుంటే 8 ఆవృతాలు పూర్తయ్యేసరికి మొదట విడిపోయిన జత మళ్ళీ ఎదురుపడాలి. పడలేదంటే ఎవరో దారి తప్పారు. ఎవరని వెతకకండి, మళ్ళీ మొదలుపెట్టండి.

చేతులూ కాళ్ళూ కలపడానికి మూడు వారాలు ఎందుకు ఆగామంటే, పెద్దవయసులో రెండు పనులు ఒకేసారి చేస్తున్నప్పుడు పడే ప్రమాదం ఎక్కువ. నడుస్తూ పలకరిస్తే ఆగిపోయి జవాబిచ్చేవారిని గమనించండి, వారికి నాలుగో వారం ఆరో వారమవుతుంది. తప్పు లేదు.

నెల దాటాక వారానికి ఒక కొత్త కోపు చొప్పున కలపండి. వచ్చిన కోపులనే తిప్పితిప్పి ఆడటం సుఖంగా ఉంటుంది, బృందం దానికి అలవాటుపడుతుంది. ఆ సుఖాన్ని అడపాదడపా చెడగొట్టడమే పంతులు పని.

కుర్చీ కోలాటం, కొక్కెం చేతులు

లోపలి వలయం వారు కుర్చీల్లో కూర్చుని, బయటి వలయం వారు నిలబడి కదిలితే అదీ కోలాటమే. కూర్చున్నవారికి చేతులు, లెక్క, కొత్త ముఖాలు అన్నీ దక్కుతాయి. పాదాలు నేలకు తాటిస్తూ ఉంటే కాళ్ళకూ పని ఉంటుంది. కోలుకుంటున్నకొద్దీ ఒక్కో పాట నిలబడి ఆడవచ్చు.

అరకు వైపు థింసాలో చేతులు వెనకనుంచి పెనవేసుకుని వరసగా అడుగులు వేస్తారు కదా, భయపడేవారికి అలా చేతులు కలిపితే ధైర్యం వస్తుందని మేమూ ప్రయత్నించాం. ధైర్యం వచ్చిన మాట నిజం. కానీ ఒకరు తూలితే ఇద్దరు వంగిపోయారు. అందుకని బలమైనవారి మధ్య ఒక్కరినే నిలబెట్టి, ముగ్గురికి మించకుండా ఆడిస్తాం.

మనుషులు

అడుగులు నేర్పడం తేలిక. రెండోరోజు రప్పించడం కష్టం.

ముందు సిగ్గు. వలయంలో ముందు వరస, వెనక వరస ఉండవు కాబట్టి కోలాటానికి ఆ బాధ సగం తక్కువ. చూసేవారు లేకుండా చూసుకోండి, మొదటి నెల ఫోనుతో వీడియోలు తీయడం నిషేధించండి. మగవారు బల్లమీద కూర్చుని చూస్తామంటారు. చెక్కభజనలూ కోలాటాలూ మన ఊళ్ళలో మగవాళ్ళు గజ్జెకట్టి ఆడినవేనని గుర్తుచేయండి. వినకపోతే తాళాలు చేతికివ్వండి. తాళం వేస్తూ ఎవరూ ఎక్కువరోజులు కూర్చోలేరు.

సంఖ్య బేసి అయితే మిగిలిన ఒంటి మనిషిని పక్కన కూర్చోబెట్టకండి. లెక్క చెప్పడం, తాళం వేయడం అనే రెండు పదవులు ఎప్పుడూ ఉండాలి. ఆ రోజు మోకాలు నొప్పి ఉన్నవారికి అవి దక్కుతాయి. నొప్పి ఉన్న రోజు కూడా రావడానికి ఒక కారణం దొరుకుతుంది.

భర్త పోయినవారిని వెనక నిలబెట్టే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. మేము బొట్టుపెట్టి పిలవడం, వాయనాలు పంచడం బృందంలో పెట్టుకోలేదు. చర్చ పెట్టి తీర్మానం చేయలేదు, ఊరికే పెట్టుకోలేదంతే. అందరికీ ఒకే రంగు చీరలన్న ప్రతిపాదన రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ రంగు దగ్గర బృందం చీలేదాకా వెళ్ళింది. కొనలేనివారు ఆ వంకతో మౌనంగా మానేస్తారు కూడా. ఉన్న చీరల్లో పసుపు ఛాయది ఏదైనా సరేనని తేల్చాం.

ఎవరైనా రెండు రోజులు రాకపోతే మూడో రోజు వారి జత ఫోను చేయాలి. ఇది నియమం. ఒంటరిగా ఉండే ఒకావిడ జ్వరంతో పడి ఉన్నారని మాకు తెలిసింది అలాగే.

పిల్లల దగ్గరకని అమెరికా వెళ్ళి ఆరు నెలలు నాలుగు గోడల మధ్య ఉండే తల్లిదండ్రులకూ ఇదే చెబుతాను. ఇద్దరున్నా చేతి కోపు ఆడవచ్చు, నలుగురుంటే జంటలు మారవచ్చు. కర్రలు పెట్టెలో పెట్టుకుని వెళ్ళండి, చేతిసంచిలో వద్దు.

ఎప్పుడు ఆపాలి

గుండెలో నొప్పి, బిగపట్టినట్టుండటం, చెమటలు, అలవాటు లేని ఆయాసం, మాట తడబడటం, ముఖం ఒకపక్క వాలడం వీటిలో ఏది కనిపించినా ఆట ఆపి 108కి ఫోను చేయండి. "కాసేపు కూర్చుంటే తగ్గుతుంది" అనేవారి మాట వినకండి. అందరి ఇంటివాళ్ళ నంబర్లు, వేసుకునే మందుల పేర్లు ఆ నోటుపుస్తకంలోనే ఉండాలి.

కండరాలు ఒకటి రెండు రోజులు సలుపుతాయి, అది మామూలే. కీలు నొప్పి ఆట తర్వాత రెండు గంటలు దాటి ఉంటే మాత్రం మోతాదు ఎక్కువైంది, మర్నాడు సగం చేయండి. కీలు వాచిందంటే తగ్గేదాకా తాళమే.

బయట ఆడాలనిపిస్తే

మూడో నెలలో ఎవరో ఒకరు తిరుమల మాట ఎత్తుతారు. బ్రహ్మోత్సవాల్లో వాహనసేవ ముందు మాడవీధుల్లో ఎన్నో ఊళ్ళ కోలాట బృందాలు ఆడతాయి, ఆ కోరిక సహజమే. కానీ అది గంటల తరబడి వట్టికాళ్ళతో ముందుకు సాగే ఆట. ముందు మీ ఊరి గుడిలో పావుగంట ఆడి చూడండి. తర్వాత అరగంట ఊరేగింపు. అలసినవారు పక్కకు తప్పుకునేలా ఇద్దరిని అదనంగా ఉంచుకోండి.

నాకైతే బయటి ప్రదర్శనకన్నా జడకోలాటం మీద మోజు. పైన కట్టిన రంగురంగుల తాళ్ళు పట్టుకుని, సగం మంది ఒకవైపు, సగం మంది ఎదురువైపు, ఒకరిని బయటినుంచి, తర్వాతివారిని లోపలినుంచి దాటుతూ జడ అల్లుతారు. తర్వాత అదే దారిలో వెనక్కి వెళ్ళి విప్పాలి. మోకాళ్ళకు మెల్లని నడకే, బుర్రకు మాత్రం ఇంతకన్నా పెద్ద పని లేదు. ఆరు నెలలు నిండాక నాలుగు జంటలతో, పాట లేకుండా లెక్కతో మొదలుపెట్టండి. తాళ్ళు కట్టే కొక్కేనికి కప్పీ పెట్టించుకోండి, కిందకు దించడానికి. ఎందుకంటే చిక్కు పడుతుంది, తప్పకుండా పడుతుంది. పడగానే డెబ్భై ఏళ్ళ మనిషి ఒకరు నిచ్చెన కోసం బయల్దేరతారు. నిచ్చెన దాచేయండి.